తులం, తలాంతు, కిలో రాయి



కొన్ని నెలల క్రితం ఒక ఆదివారం మేము సామెతలు 11వ అధ్యాయం మొదటి వచనం మీద ప్రసంగించాము. దొంగత్రాసు దేవునికి ఎంత అసహ్యమో గట్టిగానే చెప్పాము. చెబుతున్నప్పుడు మా మనసులో ఉన్నది బజారులోని పెద్ద కొట్లు. సంఘంలో పెద్ద కొట్లున్నవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి అందరూ హాయిగా తలలూపారు. సోమవారం సాయంత్రం, సంతల్లో చేపలమ్ముకునే మా సంఘపు తల్లి ఒకామె గుడ్డలో మూట కట్టిన ఇనుప గుండు ఒకటి తెచ్చి మా బల్ల మీద పెట్టింది.

"అయ్యగారండీ, దీన్నోసారి తిరగేసి సూడండి."

కిలో రాయి. ఇనుప గుండ్లకు అడుగున చిన్న గుంట ఉంటుంది. పోతపోసిన ఇనుము సరిగ్గా కిలో తూగదు కనుక ఆ గుంటలో సీసం నింపి బరువు సరిచేస్తారు. తూనికలు కొలతల శాఖ ముద్ర పడేది కూడా ఆ సీసం మీదే. ఈమె రాయికి గుంట ఖాళీగా ఉంది. ప్రసంగం విన్న మరునాడు అనుమానం వచ్చి కిరాణా కొట్టులో కరెంటు కాటా మీద పెట్టించిందట. 960 గ్రాములు చూపించింది.

"సీసం ఎప్పుడు రాలిపోనాదో తెల్దండీ. మా అత్త కాలం నాటి రాయి. రోజుకి ఇరవై కిలోలమ్మితే ఎనిమిదొందల గ్రాములు నానే తినేసినట్టు గదా. ఎవులికని తిరిగిచ్చీది?"

మాకు జవాబు రాలేదు. ప్రార్థన చేసి పంపించేశాము. జవాబు లేనప్పుడు నిఘంటువు తెరవడం మాకున్న పాత అలవాటు. సెమినరీలో హెబ్రీ, గ్రీకు భాషలు మాకు ఏ మాత్రం వచ్చాయో అప్పటి మార్కులు అడక్కండి గానీ, ఆ రాత్రి మాత్రం పుస్తకాలు చాలాసేపు తెరిచే ఉంచాము. త్రాసుకు సంబంధించిన ఒక్కొక్క మాటనూ పట్టుకుని వెనక్కి నడిచాము.

మొదట ఆ రాయి సంగతి. ద్వితీయోపదేశకాండము 25:13లో సంచిలో రెండు రకాల తూనికలు పెట్టుకోవద్దని ఆజ్ఞ ఉంది. హెబ్రీలో అక్కడున్న మాట 'ఏబెన్ వా ఏబెన్'. అంటే 'రాయీ రాయీ', ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కొనేటప్పుడు ఒకటి, అమ్మేటప్పుడు మరొకటి. హెబ్రీయులకు తూనికకు పేరే రాయి. మనమూ ఇనుముతో చేసినదాన్ని నేటికీ 'కిలో రాయి' అనే అంటున్నాము. యూదా దేశపు తవ్వకాల్లో అలాంటి సున్నపురాతి గుండ్లు చాలా దొరికాయి. అడుగు చదునుగా, పైన గుండ్రంగా ఉండి, కొన్నిటి మీద గుర్తులు చెక్కి ఉంటాయి. 1 సమూయేలు 13:21లో 'పిమ్' అనే మాటకు అర్థం తెలియక పాత అనువాదకులు ఏదో పనిముట్టు పేరనుకున్నారు. ఆ మాటే చెక్కిన గుండ్లు మట్టిలోంచి బయటపడ్డాక అది ఒక తూనిక అనీ, నాగలి కర్రుకు పదును పెట్టినందుకు ఫిలిష్తీయులు తీసుకున్న కూలి అనీ తేలింది.

ఇక్కడ మన తగరపువలసవాళ్ళు సరదా పడే సంగతి ఒకటి. జెకర్యా 4:10లో జెరుబ్బాబెలు చేతిలో తాపీపనివారి మట్టపు గుండు ఉంటుంది. దానికి హెబ్రీలో వాడిన మాటలను ఉన్నవున్నట్టు చదివితే 'తగరపు రాయి' అని వస్తుంది. దేవాలయం గోడ నిలువుగా లేస్తున్నదా లేదా అని చూసే రాయి అది. మన ఊరి పేరు బైబిలులో ఉందని ఎక్కడా చెప్పకండి, నవ్వుతారు.

రాయి తరువాత చూడవలసింది తులం. అబ్రాహాము శారాను పాతిపెట్టడానికి మక్పేలా గుహను 400 తులాల వెండికి కొన్నాడని మన తెలుగు బైబిలులో చదువుతాము. అన్నలు యోసేపును అమ్మింది 20 తులాలకు. రిబ్కాకు పెట్టిన ముక్కు కమ్మి అర తులం. అబ్షాలోము ఏడాదికోసారి జుట్టు కత్తిరించుకుని దాన్ని కూడా తూచుకునేవాడు, 200 తులాలు. హెబ్రీలో అబ్రాహాము దగ్గరా అబ్షాలోము దగ్గరా ఉన్న మాట 'శేకెల్', రిబ్కా కమ్మి దగ్గర అర శేకెల్‌కు ఉన్న వేరే పేరు, యోసేపు దగ్గర మాత్రం తూనిక పేరు లేకుండా 'ఇరవై వెండి' అనే ఉంది. శేకెల్ పుట్టింది 'షకల్' అనే క్రియలోంచి, అంటే తూచడం. అబ్రాహాము కాలానికి నాణెం లేదు. నాణేలు ఆ తరువాత వెయ్యేళ్ళు దాటాక, క్రీ.పూ. 7వ శతాబ్దం నాటికి లుదియ రాజ్యంలో మొదలయ్యాయి. అంతవరకూ వెల చెల్లించడమంటే త్రాసులో వెండి తూచడమే. ఆదికాండము 23:16లో అబ్రాహాము ఎఫ్రోనుకు వెండిని తూచి ఇస్తాడు. వెల ఇవ్వడానికీ తూచడానికీ ఒక్కటే మాట.

ఇప్పుడు తెలుగు వైపు చూడండి. తులం సంస్కృతపు 'తుల' నుంచి వచ్చింది. తుల అంటే త్రాసు. తులాభారం, తులనం, తుల్యం అన్నీ దాని బిడ్డలే. అంటే శేకెల్ అన్నా తులం అన్నా పుట్టుకలో ఒకటే, 'తూచినది' అని. బరువులో కూడా ఆశ్చర్యమే. శేకెల్ 11 గ్రాముల పైచిలుకు. 1833లో కుంపిణీవారు ఖాయం చేసిన తులం 180 గ్రెయిన్లు, అంటే దాదాపు 11.66 గ్రాములు. అప్పటి వెండి రూపాయి బిళ్ళ బరువు కూడా అంతే కనుక పెద్దవాళ్ళు 'రూపాయెత్తు' అనేవారు. (ఈ రోజుల్లో లెక్క సులువు కోసం చాలా కొట్లలో తులమంటే 10 గ్రాములే అంటున్నారు, అది వేరే సంగతి.) శేకెల్‌ను తులం అని రాసిన తెలుగు చేయి అర్థాన్నీ బరువునూ రెంటినీ నిలబెట్టింది. నిర్గమకాండము 30లో జనసంఖ్య రాయించుకున్న ప్రతివాడూ అర తులం చెల్లించాలని ఉంది. ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు. ఆ తులానికి 20 చిన్నాలని కూడా అక్కడే చెబుతుంది. చిన్నం మన కంసాలుల మాట.

కంసాలి మాట వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. వాళ్ళ చిన్న త్రాసులో ఒకప్పుడు గురివింద గింజలే తూనికలు. తులానికి 96 గింజలు. గురివింద తన నలుపు ఎరగదని మనం అనే సామెతను మేము ఇన్నాళ్ళూ అందచందాల గురించే అనుకున్నాము. ఊరందరి బంగారాన్నీ తూచిన గింజ అది అన్న సంగతి తెలిశాక సామెత మాకు వేరుగా వినబడుతున్నది.

శేకెల్‌కు అరమేయిక్ రూపం 'టెకేల్'. ఎక్కడో విన్నట్టుంది కదూ? దానియేలు 5వ అధ్యాయం. బెల్షస్సరు విందు, గోడ మీద రాసిన చేయి. మెనే, మెనే, టెకేల్, ఉఫార్సీన్. పండితులు చాలామంది గమనించినది ఏమిటంటే, ఇవి విడివిడిగా బజారు తూనికల పేర్లే: మినా, మినా, తులం, సగాలు. రాజమందిరం గోడ మీద 'వీశె, వీశె, తులం, సగం' అని రాసి ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి. ప్రతి సంతలో వినబడే మాటలు. బబులోను జ్ఞానులు ఎందుకు తెల్లబోయారో అప్పుడు మాకు కొంత అర్థమైంది. దానియేలు ఆ పేర్లను క్రియలుగా మార్చి చదివాడు: లెక్కపెట్టాడు, తూచాడు, పంచాడు. తులం అనే పేరు వెనుక తూచేవాడొకడున్నాడని రాజుకు గుర్తు చేశాడు.

ఇక సంఘాల్లో మనం రోజూ వాడే మాట, తలాంతు. 'ఆ పిల్లకు పాడే తలాంతు ఉంది' అంటాము. ఇది గ్రీకు 'తలంతోన్'. ఆ మాటకు మొదటి అర్థం త్రాసు. తరువాత త్రాసులో పెట్టే బరువైంది, తరువాత అంత బరువు వెండి అయింది. గ్రీకుల లెక్కలో 6000 ద్రాక్మాలు ఒక తలాంతు. ద్రాక్మా అటూ ఇటుగా ఒక రోజు కూలి. మత్తయి 25లో ఒక్క తలాంతే దొరికిన దాసుణ్ణి చూసి పాపం అనుకుంటాము గానీ, అతను భూమిలో పాతిపెట్టింది ఒక కూలివాని పదహారేళ్ళ పైచిలుకు సంపాదన. ఆ ఉపమానం మూలంగానే ఐరోపా భాషల్లో ఆ మాట 'సామర్థ్యం' అనే అర్థంలోకి మళ్ళింది. ఇంకొక విశేషం, గ్రీకు తలంతోన్‌నూ సంస్కృతపు తులనూ భాషావేత్తలు ఒకే ధాతువుకు చేరుస్తారు. ఎత్తడం, మోయడం అని దాని అర్థం. తులమూ తలాంతూ దూరపు జ్ఞాతులన్నమాట. ఒకటి కంసాలి కొట్టులోకి వెళ్ళింది, ఒకటి మన పాటల బృందంలోకి వచ్చింది.

ఆ గ్రీకు మాట తెలుగులోకి దిగడానికి మన జిల్లాయే రేవు. 1805లో జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే లండన్ మిషనరీలు విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయరు అనే తెలుగు తెలిసిన బ్రాహ్మణ విశ్వాసి తోడ్పాటుతో సువార్తలను అనువదించే పనిలో పడ్డారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. పని పూర్తిగా చూడలేదు. తరువాత విశాఖలోనే పనిచేసిన ప్రిచెట్ చేతి మీదుగా క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. వాళ్ళు కూర్చుని మాటలు వెదికింది మనకు ముప్పై కిలోమీటర్ల దూరంలో. ఒక్కొక్క మాటకూ అటు పళ్ళెంలో గ్రీకును పెట్టి, ఇటు పళ్ళెంలో బజారు తెలుగును పెట్టి ఎన్నిసార్లు చూసుకున్నారో.

మా సెమినరీ నోట్సులో అడుగున గీత గీసిన గ్రీకు మాట ఇంకొకటి, 'జుగోస్'. ప్రకటన 6:5లో నల్లని గుర్రం మీద కూర్చున్నవాని చేతిలోని త్రాసుకు ఆ మాటే. మత్తయి 11:29లో ప్రభువు ఎత్తుకొమ్మన్న కాడికీ ఆ మాటే. రెంటికీ మధ్యలో ఒక అడ్డ కర్ర, రెండు వైపులా బరువు. కరువు కాలంలో రొట్టెను గింజల లెక్కన తూచే కర్రా అదే, ఇద్దరు కలిసి మోస్తే తేలికయ్యే కర్రా అదే. కావడి మోసినవాళ్ళను అడగండి, ఒక వైపు కుండ ఖాళీ అయితే రెండో కుండ భుజాన్ని ఎలా కోస్తుందో చెబుతారు.

ఇంగ్లీషు బ్యాలెన్స్ కూడా ఈ ఇంటిదే. లాటిన్‌లో 'బై' అంటే రెండు, 'లాంక్స్' అంటే పళ్ళెం. రెండు పళ్ళాలది. వర్తకుల పద్దు పుస్తకాల్లో జమా ఖర్చు రెండు వైపులా సరిచేయడానికి ఎంత తక్కువైతే అంత రాసేవారు. ఆ రాసిన మొత్తానికే బ్యాలెన్స్ అని పేరు వచ్చింది. అందుకే ఇప్పుడు బ్యాంకులో మిగిలింది బ్యాలెన్సే, అప్పులో మిగిలింది బ్యాలెన్సే. తెలుగులో అయితే మనది నిలవ, ఎదుటివాడికి ఇవ్వవలసింది బాకీ. ఆ బాకీ అరబ్బీ మాట, మిగిలినది అని అర్థం. పోర్టుకూ ఉక్కు ఫ్యాక్టరీకీ పోయే లారీలు ఎక్కే కాటా హిందీవాళ్ళ ముల్లు. త్రాసు మధ్యలో నిలిచే సూదిని బట్టి మొత్తం యంత్రానికే ఆ పేరు.

మరి మన సొంత మాట? తూగు. తూచు, తూనిక, తూకం అన్నీ దాని సంతానం. కానీ తూగడమంటే ఊగడం కూడా. ఉయ్యాల తూగుతుంది, ప్రసంగం మధ్యాహ్నం దాకా సాగితే వెనుక వరుస తూగుతుంది. వేలాడేది ఊగుతుంది, ఊగి ఊగి ఒక చోట నిలుస్తుంది, అప్పుడు సరితూగింది అంటాము. తమిళంలో 'తూంగు' అన్నా వేలాడడం, ఊగడం, నిద్రపోవడం. మన పెద్దలు తూకాన్ని కదలనిదిగా చూడలేదు. ఊగి నిలిచేదిగా చూశారు. ఎంత ఊగినా నిలవనిదానికి కూడా పేరు పెట్టారు, కప్పల తక్కెడ. సంఘ కమిటీ మీటింగుల్లో కూర్చున్నవారికి వివరణ అక్కర్లేదు.

ఇన్ని భాషలు తిరిగి మేము గమనించినది ఒకటి. ఈ రోజుల్లో బ్యాలెన్స్ అంటే మధ్యలో నిలబడడం అనుకుంటున్నాము. ఇటు కొంచెం, అటు కొంచెం. ఇల్లు కొంచెం, దేవుడు కొంచెం. పాత మాటల్లో ఎక్కడా మధ్య ప్రస్తావన లేదు. ఒక పళ్ళెంలో మన సరుకు, రెండో పళ్ళెంలో మనం మార్చడానికి వీల్లేని రాయి. అంతా ఆ రాయి మీద ఆధారపడి ఉంది. ముల్లు నిటారుగా నిలిచినా, కర్ర సమంగా ఉన్నా, చూసేవారికి అంతా సరిగ్గానే కనిపించినా, రాయి అడుగున సీసం రాలిపోయి ఉండవచ్చు. ఆమోసు 8:5లోని వర్తకులు తెలిసి మార్చారు. ఈ తల్లి తెలియక మోసింది. త్రాసుకు ఆ తేడా తెలియదు.

మేము మాత్రం ఏమి తక్కువ? ఎన్నో ఏళ్ళుగా ఆమె దశమ భాగపు కవరు మేము తీసుకుంటున్నాము. కిలోకు 40 గ్రాములంటే నూటికి నాలుగు. ఆ కవర్లలో ఆ నాలుగు పాళ్ళు ఎంతో ఆ రాత్రి లెక్క వేయబోయి మానుకున్నాము. లేవనెత్తవలసినవి ఇంకా ఉన్నాయి. కారున్న ఇంటికి ఏడాదిలో ఎన్నిసార్లు వెళ్ళాము, చేపల వాసన వచ్చే ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళాము అన్న లెక్క మా డైరీలోనే ఉంది.

ఆమె ప్రశ్నకు ధర్మశాస్త్రంలో జవాబు లేకపోలేదు. సంఖ్యాకాండము 5:7, 8 ప్రకారం అపరాధం చేసినవాడు మూలధనానికి అయిదవ వంతు కలిపి నష్టపోయినవానికి తిరిగి ఇవ్వాలి. వాడు గానీ వాని బంధువు గానీ లేకపోతే అది ప్రభువుకు చెందుతుంది, అంటే యాజకునికి. ఆ వచనం దగ్గర వేలు పెట్టి మేము ఆగిపోయాము. సంతలో ముఖాలు తెలియని వేలమంది, ఎవరికని ఇస్తుంది? అప్పుడు ఆ సొమ్ము ఎక్కడికి రావాలి? మా దగ్గరికే. ఆమెకు ఆ వచనం చదివి వినిపించడానికి మాకు నోరు రాలేదు. రెండు వారాలు తప్పించుకు తిరిగాము.

ఈలోగా ఆమె ముద్ర ఉన్న కొత్త రాయి కొనుక్కుంది. కిలో తూచి, పళ్ళెం కిందికి దిగేలా పైన ఒక చేప వేయడం మొదలుపెట్టింది. మన బజారు భాషలో దాన్ని మొగ్గు అంటారు. 40 గ్రాములకు అయిదవ వంతు 8 కలిపితే 48. కవళ్ళలో ఒక చేప ఇంచుమించు అంతే తూగుతుంది. ఆమె సంఖ్యాకాండము చదవలేదు. పక్కన కూర్చునే ఆడవాళ్ళు గొడవ పెట్టుకున్నారు, నువ్విలా మొగ్గేస్తే మా బేరం ఏమవ్వాలని. పాత ఖాతాదారు ఒకావిడకు రాయి సంగతి ఉన్నదున్నట్టు చెబితే, ఆవిడ మళ్ళీ ఆ వైపు రాలేదట.

"ఎన్నాళ్ళు మొగ్గెయ్యాలండీ అయ్యగారూ? మా అత్త కాలం నుంచీ లెక్కెడితే నా వయసు సాలదు గదా" అని ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అడిగింది. అప్పుడు ఇక తప్పక ఆ వచనం తెరిచి ఉన్నది ఉన్నట్టు చదివాము. విని నవ్వింది. "అయితే మీకే ఇవ్వాలంటారు." వద్దని మేమూ నవ్వాము, ఆ నవ్వు మాకే బాగోలేదు.

సీసం లేని ఆ పాత రాయి ఇప్పుడు మా బల్ల మీద ప్రసంగం కాగితాల మీద బరువుగా ఉంటున్నది. పోయిన శనివారం ఉదయం మేము ఆమె దగ్గరే కిలో కవళ్ళు కొన్నాము. కొత్త రాయితో తూచింది. ముల్లు నిటారుగా నిలిచింది. పైన ఇంకొక చేప వేయబోతుంటే, మాకెందుకమ్మా, వద్దని చేయి అడ్డం పెట్టాము.

"అదేటండీ, ఇన్నాళ్ళూ మీరూ నా కాడే కొన్నారు గదా" అని మా చేయి పక్కకు తీసి చేప పళ్ళెంలో వేసింది.